డైట్ పేరు, వ్యాయామం పేరు పక్కన పెట్టి అసలు సరుకును తూచుకోవడం ఎలా?

"కీటో మంచిదేనా?", "మిల్లెట్ డైట్ మొదలుపెట్టమంటారా?", "నాన్నగారికి యోగా సరిపోతుందా, జిమ్‌లో చేర్పించాలా?" ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగేవి ఇవే. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "అందులో రోజుకు ఏం తినాలి, ఎంత తినాలి?" చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పేరు మీద అభిప్రాయం మాత్రం అప్పటికే గట్టిపడి ఉంటుంది. ఒకరికి కీటో అంటే కొవ్వును కరిగించే అద్భుతం, మరొకరికి మూత్రపిండాలు పాడుచేసే విదేశీ వ్యామోహం. ఇద్దరిలో ఎవరూ ఆ పద్ధతిలో ఒక్క పూట విస్తరి ఎలా ఉంటుందో చూసి ఉండరు.

సరిహద్దు ఊళ్లలో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఒకే గిన్నెకు ఇంట్లో తెలుగు పేరు, వీధిలో ఒడియా పేరు, ఫోనులో ఇంగ్లిషు పేరు ఉంటాయి. ఇంట్లో చద్దన్నం పెడితే మొహం తిప్పుకునే కుర్రవాడు మార్చి 20న ఒడియావాళ్ల పొఖాళ (చద్దన్నం) దినోత్సవం నాడు అదే అన్నాన్ని ఇష్టంగా తింటాడు. ప్రోబయోటిక్, అంటే పేగులకు మేలుచేసే సూక్ష్మజీవులున్న ఆహారం అని చెబితే మరింత గౌరవంగా తింటాడు. అన్నం, నీళ్లు, రాత్రంతా పులవడం మూడు పేర్లలోనూ ఒకటే.

కిందిది కొత్త డైట్ కాదు. ఏ డైటైనా, ఏ వ్యాయామమైనా మీకు పనికొస్తుందో లేదో పేరు మూసి చూసుకునే పద్ధతి.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం, కలం
- 5 మిల్లీలీటర్ల చెంచా, 200 మిల్లీలీటర్ల గ్లాసు, వీలైతే చిన్న వంటింటి కాటా
- దర్జీ వాడే టేపు
- ఒకేలా కనిపించే రెండు స్టీలు గ్లాసులు
- మీ ఇంట్లో ఎక్కువగా కొనే మూడు నాలుగు ప్యాకెట్లు, ఖాళీవైనా సరే
- సెకన్లు లెక్కపెట్టే ఫోను
- సాయానికి ఇంట్లో ఒక మనిషి

మొదలుపెట్టే ముందు ఆగవలసినవాళ్లు

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవాళ్లు భోజనం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోఅసిడోసిస్ అనే అత్యవసర పరిస్థితి రావచ్చు. వీళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఆహారంలో పెద్ద మార్పు చేయకూడదు.

ఇంకొకటి ప్రత్యేకంగా మన జిల్లాలవాళ్ల కోసం. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు తగ్గినా, శక్తికి మించి శ్రమపడినా తీవ్రమైన నొప్పులు రావచ్చు. నీళ్లు కూడా తాగని ఉపవాసాలు, ఎండలో చేసే కఠిన వ్యాయామాలు ఏ పేరుతో వచ్చినా వాళ్లకు వద్దు. ఇంట్లో ఎవరికైనా ఉందని తెలిస్తే మీరూ ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

1. పేరు రాసి, పక్కనే మీ మనసులోని మాట రాయండి

పుస్తకంలో మొదటి పేజీకి ఎడమవైపు డైట్ లేదా వ్యాయామం పేరు రాయండి. కుడివైపు, ఆలోచించకుండా, మొదట తోచిన నాలుగు మాటలు రాయండి. "ఖరీదు", "సినిమావాళ్లది", "మన పూర్వీకులది", "ముసలివాళ్లకు", "మగవాళ్లకు". ఏదైనా సరే, సరిదిద్దకండి. 1920లోనే అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఈ గుణాన్ని గుర్తించాడు. మనిషిలో ఒక లక్షణం నచ్చితే సంబంధం లేని మిగతా లక్షణాలకూ మనం ఎక్కువ మార్కులు వేసేస్తాం. ఆహారానికీ ఇదే వర్తిస్తుంది. ఆ నాలుగు మాటల్లో తిండి గురించిన సమాచారం ఎంత ఉందో చూడండి. సాధారణంగా ఒక్కటి కూడా ఉండదు.

2. వంటింటి మాటల్లోకి దించండి

రెండో పేజీలో పేరు రాయకూడదు. ఏం తినాలి, ఎంత, ఏ సమయానికి, ఏం మానాలి అనే నాలుగింటికే జవాబులు రాయాలి. ఎక్కువ కష్టపడవలసింది ఇక్కడే.

కీటోను దించి చూద్దాం. దాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం రూపొందించాడు. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడే రూపంలో రోజుకు పిండి పదార్థం సాధారణంగా 20 నుంచి 50 గ్రాముల లోపు ఉండాలి. చిన్న గిన్నెడు, అంటే 150 గ్రాముల అన్నంలోనే 40 గ్రాముల పైచిలుకు పిండి పదార్థం ఉంటుంది. కాబట్టి మీ పేజీలో రాయవలసింది ఇది: "రోజు మొత్తానికి ఒక చిన్న గిన్నె అన్నం తింటే కోటా దాదాపు అయిపోతుంది. ఇడ్లీ లేదు, అరటిపండు లేదు, పప్పు కొంచెమే. ఆకలి తీరవలసింది నూనె, నెయ్యి, గుడ్లు, పనీరు, మాంసం, ఆకుకూరలతో." ఇలా రాశాక ఇంటి ఖర్చు, వంటచేసే మనిషి ఓపిక, పెళ్లిళ్ల సీజను అన్నీ కళ్లముందుకు వస్తాయి. నిర్ణయం ఏదైనా ఇప్పుడు అది మీది.

ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్‌లో ఎక్కువమంది చేసే రకం: రాత్రి 8 గంటలకు భోజనం ముగించి, మర్నాడు మధ్యాహ్నం 12 వరకు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకపోవడం. కార్తీక సోమవారం నక్షత్రాలు చూసి భోంచేసే ఇళ్లలో, పక్కింటి ఒడియా అత్తయ్య కార్తీకమంతా హబిష నియమంతో ఒంటిపూట తినడం చూసిన ఇళ్లలో ఇది వింత కాదు. అయినా "ఆ పాత ఉపవాసమే కదా" అని కొట్టిపారేయకండి, "అమెరికావాళ్లు కనిపెట్టారు" అని నెత్తికెక్కించుకోకండి. రాయవలసింది: "తినే సమయం 8 గంటలు. ఆ 8 గంటల్లో ఏం తింటానో కిందరాయాలి." కింద ఏమీ రాయకపోతే ఆ పేజీ అసంపూర్తి.

మిల్లెట్ డైట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ పంట మన కొండలది. రాగులు, మన వైపు మాటలో చోళ్లు, ఒడియాలో మాండియా. ఒకప్పుడు అంబలి తాగేవాళ్లంటే చిన్నచూపు ఉండేది. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం వీటికి పోషక ధాన్యాలని పేరు పెట్టింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, అదే ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో "శ్రీ అన్న" అన్నారు. గింజ మారలేదు, గౌరవం పెరిగింది. కొండ రైతుకు ధర వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ మీ పేజీలో అంకెలే రాయాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 320 కేలరీలు, తెల్ల బియ్యంలో సుమారు 355. ప్రోటీన్ రెండింటిలోనూ 7, 8 గ్రాములే. పెద్ద తేడా కాల్షియంలో: రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా, బియ్యంలో 10 లోపు. పీచు కూడా రాగుల్లోనే ఎక్కువ. అంటే ఎముకలకు, మలబద్ధకానికి మంచి మార్పు. బరువు తగ్గాలంటే మాత్రం రాగి సంకటి ముద్దను కూడా అన్నంలాగే కొలుచుకోవలసిందే. మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లు తాగిన రెండు గంటలకు మీటరుతో చూసుకోవాలి.

హెచ్చరిక: సంతలో సంచి మీద ఒడియాలో మాండియా, సువాన్, కాంగు అని ఉంటే అవి వరుసగా రాగులు, సామలు, కొర్రలు. చదవడం రాకపోతే దుకాణదారుణ్ణి గింజ చూపించమనండి. "మిల్లెట్ మిక్స్" అన్న ఒక్క మాట మీద కొనకండి.

3. రెండు గ్లాసుల పరీక్ష

మీ నాలుకను, ఆకలిని పేరు ఎంత లాగుతుందో తెలుసుకునే పరీక్ష ఇది. సాయం చేసే మనిషికి కూడా ఈ మెట్టు చదివించండి.

మొదటి రోజు ఉదయం ఒకే పాళ్లలో జావ కాచి, 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా పోసి, "తేలికపాటి డైట్ జావ" అన్న చీటీతో ఇంట్లోవాళ్లకు ఇవ్వాలి. రుచికి పదికి ఎన్ని మార్కులో, మళ్లీ ఆకలి ఎన్ని గంటలకు వేసిందో రాయించాలి. రెండు రోజులు ఆగి అదే పిండి, అదే నీళ్లు, అదే ఉప్పు, అదే గ్లాసుతో "చిక్కటి కమ్మటి జావ" అన్న చీటీతో ఇవ్వాలి. మళ్లీ మార్కులు, సమయం. తర్వాత అసలు సంగతి అందరికీ చెప్పేయాలి.

ఆకలి వేళ మారితే ఆశ్చర్యపోకండి. 2011లో అలియా క్రమ్ బృందం అమెరికాలో 380 కేలరీల ఒకే మిల్క్‌షేక్‌ను ఒకసారి 620 కేలరీల విలాసపు పానీయమనీ, మరోసారి 140 కేలరీల తేలికపాటి పానీయమనీ చెప్పి ఇచ్చింది. విలాసపుదని నమ్మి తాగినప్పుడు గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తగ్గింది. "డైట్" అన్న మాట వినగానే ఇంకా ఆకలిగానే ఉందనిపించడం మీ బలహీనత కాదు, చాలామంది ఒంటి తీరు.

ఒంటరిగా ఉండేవాళ్లు ఇలా చేయవచ్చు: పక్కింటివాళ్లతో మామూలు బిస్కెట్లు, "మల్టీగ్రైన్" బిస్కెట్లు ఒకే రకం పళ్లెంలో పెట్టించుకుని, ఏది ఏదో తెలియకుండా మార్కులు వేయండి. షుగర్ ఉన్నవాళ్లు జావకు బదులు మజ్జిగతో చేయాలి. వేరుశనగ, జీడిపప్పు, పాలు పడనివాళ్ల దగ్గర పేర్లు మార్చే ఆటే వద్దు.

4. ప్యాకెట్టును వెనక్కి తిప్పండి

ముందువైపు చూడకుండా ప్యాకెట్టును బోర్లా పెట్టి చదవడం మొదలుపెట్టాలి. వెనకవైపు అక్షరాలు చాలావరకు ఇంగ్లిషులోనే ఉంటాయి. పిల్లల చేత చదివించండి, వాళ్లకూ అలవాటవుతుంది.

మొదట పదార్థాల జాబితా. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రావాలన్నది నియమం. "రాగి బిస్కెట్" వెనక మొదటి పేరు మైదా, రెండోది చక్కెర అయితే మీరు కొన్నది రాగి వాసన తగిలిన మైదా బిస్కెట్టు. తర్వాత 100 గ్రాముల గడి. "ఒక్కసారికి" అని రాసే గడిని వదిలేయండి, రెండు బిస్కెట్లతో ఆగేవాళ్లు తక్కువ. చక్కెర గ్రాములను నాలుగుతో భాగిస్తే చెంచాల లెక్క వస్తుంది.

మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం గట్టి పదార్థంలో 100 గ్రాములకు 5 గ్రాములకు మించి చక్కెర ఉంటే "తక్కువ చక్కెర" అని రాయకూడదు. కొవ్వు 3 గ్రాములు దాటితే "తక్కువ కొవ్వు" అనకూడదు. ఈ రెండు అంకెలు పుస్తకం అట్ట మీద రాసుకోండి. వంటనూనె సీసా మీద "కొలెస్ట్రాల్ లేదు" అన్నది నిజమే, కానీ ఏ మొక్కల నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. చెంచాడు నూనెకు సుమారు 40 కేలరీలు మాత్రం తప్పవు. "హెల్త్ డ్రింక్" అన్న మాట సంగతి: మాల్టు, పాల పానీయాలను ఆ వర్గం కింద పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాలకు ఆ సంస్థే చెప్పింది, ఎందుకంటే మన ఆహార చట్టంలో ఆ పేరుకు నిర్వచనమే లేదు.

ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. చక్కెర పాకానికీ ఆకుపచ్చ చుక్కే ఉంటుంది.

5. వ్యాయామానికి నాలుగు ప్రశ్నలు

జుంబా, క్రాస్‌ఫిట్, పిలాటిస్, పవర్ యోగా అన్నింటికీ ఇవే ప్రశ్నలు. ఏ కదలికలు? ఎన్ని నిమిషాలు? ఎంత ఆయాసం? వచ్చే నెల దీన్ని ఎలా పెంచుకోవచ్చు? పిలాటిస్ అన్నది జోసెఫ్ పిలాటిస్ అనే మనిషి పేరు. ఆయన తన పద్ధతిని కంట్రాలజీ అనేవాడు. రెండు పేర్లలో ఏదీ మీ నడుముకు ఏం చేస్తుందో చెప్పదు.

ఆయాసాన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే తీవ్ర శ్రమ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, అదనంగా కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. గోదాలో తీసే దండాలు, బస్కీలు ఈ రెండో కోవకు సరిగ్గా సరిపోతాయి. జిమ్‌లో వాటినే వేరే పేర్లతో నేర్పుతారు.

పేరు వల్ల ఎక్కువగా నష్టపోతున్నది మన ఇళ్లలోని ఆడవాళ్లు. బరంపురంలో బరువులెత్తడం అనగానే 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన ఆ ఊరి కె. రవికుమార్ లాంటివాళ్లే గుర్తొస్తారు, "అది మనకెందుకు" అనుకుంటారు. అదే ఇల్లాలు పాతిక కిలోల బియ్యం బస్తా జరుపుతుంది, నీళ్ల బిందె మేడమీదికి మోస్తుంది. యాభై దాటాక కండ తగ్గకుండా, ఎముకలు పెళుసెక్కకుండా ఉండాలంటే ఆమెకు బరువు పని కావాలి. రెండు లీటరు సీసాల్లో నీళ్లు నింపి మొదలుపెట్టవచ్చు. నాన్నగారికి "స్ట్రెంగ్త్ ట్రైనింగ్" అంటే ఇష్టం లేకపోతే ఆ మాట ఎత్తకండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోమనండి, అలా మూడు విడతలు. మోకాలు నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచాలి. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, కళ్లు తిరగడం కనిపిస్తే అక్కడికక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

6. నాలుగు వారాలు, ఒక్క మార్పు

రెండో పేజీలో రాసినదాన్నే పాటించండి. ఒక్కటే మార్చండి. అన్నం తగ్గించి, నడక మొదలుపెట్టి, కాఫీ మానేసి, రాగులకు మారితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఎక్కువగా కనిపించే పొరపాట్లు

అన్నింటికంటే పెద్దది: ఇంగ్లిషు పేరును అనుమానించి, "సంప్రదాయం", "ఇంట్లో చేసింది" అన్న పేర్లకు మాత్రం మినహాయింపు ఇవ్వడం. అవి కూడా పేర్లే. బరంపురం అప్పడాలు, ఆవకాయ లేనిదే మనకు ముద్ద దిగదు. శుభ్రంగా, ప్రేమగా చేసినవే. ఉప్పు మాత్రం తగ్గదు. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే సమంగా కొట్టిన ఒక చిన్న చెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్న ఇంట్లో ఫ్యాక్టరీ చిప్స్ మానేసి, పూటకు రెండు అప్పడాలు, పెద్ద ఆవకాయ ముక్క తింటూ "బయటి తిండి ముట్టం" అంటే బీపీ తగ్గదు. వారం రోజులు ఎన్ని అప్పడాలు, ఎంత పచ్చడి పోతోందో లెక్కపెట్టండి, తర్వాత సగం చేయండి. మానేయనక్కర్లేదు.

బెల్లం కూడా ఇలాంటిదే. చక్కెర మానేసి జావలో రెట్టింపు బెల్లం వేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. షుగర్ మీటరుకు ఆ తేడా తెలియదు.

మంచి పేరున్నదాన్ని ఎక్కువగా తినడం మరొకటి. "డైట్ మిక్చర్" కదా అని రెండు గుప్పిళ్లకు బదులు గిన్నెడు తింటే లెక్క తలకిందులవుతుంది. అలాగే డాల్మాను "ఒడియావాళ్ల పప్పు" అని పక్కన పెట్టే తెలుగు ఇళ్లు ఉన్నాయి. కందిపప్పు, గుమ్మడికాయ, అరటికాయ, వంకాయ కలిపి తక్కువ నూనెతో చేసే ఆ వంట ఏ డైట్ పుస్తకంలోని వంటకానికీ తీసిపోదు.

"నేను కీటో మనిషిని", "మాది జిమ్ బ్యాచ్" అనుకోవడం మొదలైతే జాగ్రత్త. ఒంటికి పడకపోయినా మానుకోలేని స్థితి అక్కడే మొదలవుతుంది.

పేరును మీకు అనుకూలంగా వాడుకోండి

2017లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో ఒకే రకంగా వండిన కూరగాయలకు నోరూరించే పేర్లు పెట్టినప్పుడు, మామూలు పేరు పెట్టినప్పటి కంటే 25 శాతం ఎక్కువమంది వడ్డించుకున్నారు. "తక్కువ కేలరీలు" తరహా పేర్లకు ఆదరణ ఇంకా తక్కువ. మన ఇళ్లలో అమ్మ కోసం విడిగా "షుగర్ కూర" వండుతారు. ఆమె ఆ గిన్నెను చూసిన ప్రతిసారీ తాను రోగిననే అనుకుంటుంది. నూనె తగ్గించి, తాలింపులో ఇంగువ, ఎండుమిర్చి బాగా వేసి అందరికీ అదే కూర వడ్డించండి, దాని మామూలు పేరుతోనే.

ఫలితం సరిచూసుకోవడం

మొదటి రోజు, తర్వాత వారానికి ఒకసారి, ఉదయం ఏమీ తినకముందు బరువు రాయండి. మనుషుల బరువు చూసే కాటా ప్రతిసారీ ఒకటే వాడాలి. నీటి వల్ల ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి. కీటోలో మొదటి వారం తగ్గేది ఎక్కువగా నీరే, కాబట్టి నాలుగో వారం అంకెనే నమ్మండి. నడుమును బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక కొలవండి. భారతీయుల్లో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో రాయండి. నిద్ర, విరేచనం, సాయంత్రం నీరసం ఒక్కో మాటలో రాస్తే చాలు. బరువు తగ్గి, కుర్చీ లెక్క కూడా తగ్గితే కండ పోతోందేమోనని అనుమానించాలి. పప్పు, గుడ్లు, పెరుగు పెంచి, బరువు పని కలపండి.

నాలుగు వారాల తర్వాత మొదటి పేజీ తెరిచి, అప్పుడు రాసిన నాలుగు మాటల పక్కన ఇప్పటి అంకెలు రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డైట్ పేరు చెప్పకుండా రెండో పేజీ, కొలతల పేజీ చూపించండి. పేరు చెబితే ఆయనకూ ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది. డాక్టరుకు ఒడియా మాత్రమే వచ్చినా గ్రాములు, గ్లాసులు, గంటలు అంకెల్లో ఉంటే అర్థమవుతాయి. వాడుతున్న మాత్రల పట్టీలు కూడా వెంట తీసుకువెళ్లండి.